బోరు పైపు కొంటున్నారా? ముందు తూకం వేయించండి!

అప్పో సప్పో చేసి బోరు వేయిస్తారు. ఎక్కడ వేయాలో నలుగురినీ అడుగుతారు. టెంకాయ పట్టించేవారు కొందరు, జియాలజిస్టును పిలిపించేవారు కొందరు. బోరు బండి వాళ్లతో అడుగు ధర దగ్గర గంటసేపు బేరమాడతారు. మోటారు ఏ కంపెనీదో, ఎన్ని హార్స్ పవరో ఆరా తీస్తారు. తీరా పైపుల దగ్గరికొచ్చేసరికి మాత్రం, "ఇనుపవే కదా, ఏవో ఒకటి వేసేయండి" అంటారు. చాలామంది రైతులు దెబ్బతినేది ఇక్కడే.

మోటారు కాలితే పైకి తీసి వైండింగు చేయించుకోవచ్చు. స్టార్టరు పోతే మార్చుకోవచ్చు. భూమిలోకి దిగిన కేసింగు పైపు నాసిరకమైతే చేసేదేమీ లేదు. అది చిల్లులు పడితే మట్టి, ఇసుక బోరులోకి జారుతాయి. మోటారు ఇరుక్కుపోతుంది. మోటారుకు తగిలించిన పైపు మర దగ్గర తెగితే మోటారుతో సహా బోరు అడుగుకు చేరుతుంది. నీళ్లున్న బోరు కూడా అలా పనికిరాకుండా పోతుంది. అందుకే పైపు భూమిలోకి దిగకముందే చూడాలి, కొలవాలి, తూకం వేయించాలి. ఇందుకు ఇంజనీరింగు చదువు అక్కర్లేదు. ఒక టేపు, ఒక కాటా, కాస్త ఓపిక ఉంటే చాలు.

కార్బన్ స్టీలు అంటే ఏమిటి?

మనం ఇనుప పైపు అని పిలిచేదంతా నిజానికి కార్బన్ స్టీలే. ఇనుములో కాస్త కార్బన్, అంటే బొగ్గులో ఉండే పదార్థమే, కలిస్తే ఉక్కు అవుతుంది. ఎంత కలిసిందన్న దాన్ని బట్టి దాని గుణం మారిపోతుంది.

మీ ఊరి కమ్మరిని అడగండి. కొడవలిని, కర్రును కొలిమిలో ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే గట్టిపడతాయి. వాటి ఉక్కులో కార్బన్ ఎక్కువ. అదే మామూలు ఇనుప ఊచను కాల్చి ముంచినా అంతగా గట్టిపడదు, ఎందుకంటే దాన్లో కార్బన్ తక్కువ. పైపులకు వాడేది ఈ రెండో రకమే. నూటికి పావు వంతు, అంటే 0.25 శాతం అటూ ఇటూగా కార్బన్ ఉంటుంది. దీన్నే మైల్డ్ స్టీలు, ఎం.ఎస్. అంటారు. ఇది వంచితే వంగుతుంది, పగలదు. వెల్డింగుకు బాగా అతుకుతుంది. మర కోయడానికి వీలుగా ఉంటుంది.

కార్బన్ 2 శాతం దాటితే అది పోత ఇనుము. పాత పంపుల బాడీలు దీంతోనే పోసేవారు. గట్టిగా ఉంటుంది గానీ చేయి జారి రాతి మీద పడితే పగులుతుంది.

ఇక జి.ఐ. పైపు అంటే వేరే లోహమేమీ కాదు. ఇదే ఎం.ఎస్. పైపును కరిగిన జింకులో ముంచి తీస్తారు. లోపలా బయటా జింకు పూత పడుతుంది. అందుకే అది తెల్లగా మెరుస్తుంది.

అతుకున్న పైపు, అతుకు లేని పైపు

పైపును రెండు విధాలుగా చేస్తారు. ఒకటి, ఉక్కు రేకు చుట్టను గుండ్రంగా వంచి, అంచులను కరెంటుతో కాల్చి ఒత్తి అతికించడం. దీన్ని ఇ.ఆర్.డబ్ల్యు. పైపు అంటారు. బజారులో మీకు దొరికేది దాదాపు ఇదే. లోపల వేలు పెట్టి తడిమితే పొడుగునా సన్నటి గీత తగులుతుంది.

రెండోది అతుకు లేని పైపు. ఎర్రగా కాగిన ఉక్కు దుంగను తిప్పుతూ మధ్యలో మొనతో పొడిచి, బోలుగా సాగదీస్తారు. జర్మనీకి చెందిన మానెస్‌మన్ సోదరులు 1885లో ఈ పద్ధతికి పేటెంటు తీసుకున్నారు. అతుకు లేదు గనుక ఎక్కువ ఒత్తిడిని తట్టుకుంటుంది. ధర కూడా ఎక్కువే. మన వ్యవసాయ బోర్లకు ఇది అవసరం లేదు. సరైన మందం ఉన్న ఇ.ఆర్.డబ్ల్యు. పైపు సరిపోతుంది.

పరిశ్రమలన్నీ ఈ పైపుల మీదే నడుస్తున్నాయంటే అతిశయోక్తి కాదు. ఉప్పుడు బియ్యం మిల్లులో, చక్కెర ఫ్యాక్టరీలో బాయిలరు నుంచి ఆవిరి వచ్చేది కార్బన్ స్టీలు పైపులోనే. విశాఖపట్నం రిఫైనరీలో ముడి చమురు, డీజిలు పారేది వీటిలోనే. రామగుండం ఎరువుల ఫ్యాక్టరీలో మీరు చల్లే యూరియా తయారు కావాలంటే సహజవాయువు కావాలి. అది భూమి లోపల వేసిన ఉక్కు పైపులోనే అక్కడికి చేరుతుంది.

అయితే కార్బన్ స్టీలుకూ హద్దులున్నాయి. వేడి 400 డిగ్రీల సెంటీగ్రేడు బాగా దాటే చోట దీన్ని వాడరు, వేరే లోహాలు కలిపిన ఉక్కు వాడతారు. యాసిడ్లు పారే చోటా ఇది నిలవదు. యూరియా తయారయ్యే పాత్రకు కూడా లోపల వేరే లోహంతో పూత గోడ కడతారు. లేకపోతే ఆ ద్రావణం మామూలు ఉక్కును తినేస్తుంది. ఫ్యాక్టరీ వాళ్లు పైపు ఎంచుకునేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకుంటారు: లోపల ఏం పారుతుంది, ఎంత ఒత్తిడి ఉంటుంది, ఎన్నేళ్లు ఉండాలి? మీ బోరుకైనా ఇవే ప్రశ్నలు.

తుప్పు లోపలి నుంచే మొదలవుతుంది

ఇనుముకు నీరు, గాలి రెండూ తగిలితే తుప్పు పడుతుంది. పూర్తిగా నీళ్లలో మునిగిన చోట కన్నా, కాసేపు తడిసి కాసేపు ఆరే చోట తుప్పు ఎక్కువ. బోరులో నీటిమట్టం పైకీ కిందికీ ఆడే భాగంలో పైపు ముందుగా పాడవడానికి కారణం ఇదే. నీళ్లలో ఉప్పుంటే తుప్పు ఇంకా వేగంగా పడుతుంది.

పైకి పైపు బాగానే కనబడుతుంది. లోపల పేలాల్లా తుప్పు లేచి, గోడ పలచబడి ఉంటుంది. దీన్ని తేలిగ్గా తీసుకుంటే ఎంత ముప్పో కోనసీమ వాళ్లకు తెలుసు. 2014 జూన్ 27న తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరంలో భూమి కింది గ్యాస్ పైపు పగిలి మంటలు లేచాయి. ఇళ్లు, కొబ్బరి తోటలు కాలిపోయాయి. 20 మందికి పైగా చనిపోయారు. తేమ లేని గ్యాసు పోవాల్సిన పైపులోకి నీరు చేరి, లోపలి నుంచి తుప్పు తినేసిందని తర్వాత విచారణలో తేలింది. అంత పెద్ద పైపుకే లోపలి తుప్పు అంత చేటు చేసింది.

మీ పొలం కింద పైపు పోతోందా?

ఇదే సందర్భంలో ఒక మాట. గ్యాసు, పెట్రోలు పైపులు వేలాది మంది చిన్న రైతుల పొలాల కింద నుంచి పోతున్నాయి. వీటికి 1962లో కేంద్రం ఒక చట్టం చేసింది. దాని ప్రకారం భూమి మీదే. కంపెనీకి వచ్చేది పైపు వేసుకునే వాడుక హక్కు మాత్రమే. పైపు వేసిన తర్వాత ఆ పట్టీ మీద మీరు మామూలుగా పంట వేసుకోవచ్చు. కానీ ఇల్లు కట్టకూడదు. చెరువు, బావి తవ్వకూడదు. చెట్లు నాటకూడదు. బోరు వేయడం అసలు పనికిరాదు.

పైపు వేసేటప్పుడు పంటకు, చెట్లకు జరిగిన నష్టానికి పరిహారం ఇవ్వాలి. వాడుక హక్కు కింద ఆ పట్టీ భూమి మార్కెట్ విలువలో 10 శాతం వేరుగా ఇవ్వాలి. కొత్తగా భూమి కొనేవారు, కౌలుకు తీసుకునేవారు గట్ల మీద పైపు గుర్తు రాళ్లు, బోర్డులు ఉన్నాయేమో చూసుకోవాలి. బోరు పాయింటు పెట్టేముందు కూడా ఇది చూడాల్సిందే. గ్యాసు వాసన వచ్చినా, నేలలో బుడగలు లేచినా, ఒకచోట పైరు కారణం లేకుండా మాడిపోతున్నా దగ్గరికి వెళ్లి బీడీ, అగ్గిపుల్ల వెలిగించకండి. మోటారు స్టార్టరు కూడా వేయకండి. దూరంగా వెళ్లి బోర్డు మీదున్న నంబరుకు ఫోను చేయండి.

కేసింగుకు ఇనుమా, ప్లాస్టిక్కా?

ఇక మీ బోరు సంగతికి వద్దాం. తెలంగాణలో, రాయలసీమలో చాలాచోట్ల పైన మట్టి, మెత్తటి గుల్ల రాయి, దాని కింద గట్టి రాయి ఉంటాయి. గట్టి రాయిలో బోరు గోడ తనంతట తానే నిలబడుతుంది. పైనున్న గుల్ల నేల కూలకుండా ఆపడానికే కేసింగు. కాబట్టి గట్టి రాయి తగిలేదాకా వేసి, ఆ రాయిలో బిగువుగా కూర్చునేటట్టు దింపాలి. నాలుగు పైపులు మిగుల్చుకుందామని మధ్యలో ఆపేస్తే, మొదటి పెద్ద వానకే మట్టి జారి బోరు పూడుతుంది.

డెల్టాల్లో, నదుల పక్క ఇసుక నేలల్లో సంగతి వేరు. అక్కడ కింది దాకా పైపు ఉండాలి. నీరు వచ్చే ఇసుక పొర దగ్గర చీలికలున్న ఫిల్టరు పైపు పెట్టాలి.

ఏ పైపు మంచిదంటే, నేలను బట్టి, నీటిని బట్టి చెప్పాలి. సముద్ర తీరాన, చౌడు నేలల్లో, ఉప్పు నీళ్లున్న చోట ఇనుప కేసింగు వేయకపోవడమే మేలు. అక్కడ ప్లాస్టిక్ కేసింగు తుప్పు పట్టదు, తేలిక, ధరా తక్కువ. దానికి ఐ.ఎస్. 12818 గుర్తు చూసుకోవాలి. లోతును బట్టి అందులో మూడు రకాలుంటాయి. మీ లోతుకు తగింది అడగండి. కరెంటు వైర్లకు, ఇంటి నీళ్లకు వాడే పలచటి పైపును కేసింగు అని అంటగడితే తీసుకోవద్దు.

బండరాళ్లు, గులకరాళ్లు దొర్లే నేలల్లో, పైపును పైనుంచి కొట్టి దింపాల్సిన చోట ప్లాస్టిక్ పగులుతుంది. అలాంటి చోట ఇనుప కేసింగే వేయాలి. పైపు నేల పైకి ఉండే భాగానికి ఎండ, ఎద్దు, ట్రాక్టరు దెబ్బ తగిలేట్లయితే ఆ పై ముక్క ఇనుముది పెట్టుకోవడం మంచిది. ఇనుప కేసింగుకు ఐ.ఎస్. 4270 ప్రమాణం ఉంది.

మరో సంగతి. బోరు బండివాళ్లు "ఆరున్నర బోరు" అంటారు. అంటే కింద రాయిని తొలిచే బిట్టు ఆరున్నర అంగుళాలు, 165 మి.మీ. కేసింగు లోపలి వెడల్పు అంతకన్నా ఎక్కువ ఉంటేనే బిట్టు దాంట్లోంచి దూరుతుంది. ఆరు అంగుళాల పైపు తక్కువకు వస్తోందని ముందే కొని పెట్టుకుంటే పని ఆగిపోతుంది. బండివాణ్ని అడిగి కొలత ఖాయం చేసుకున్నాకే పైపు కొనండి.

మందం పట్టుకునే లెక్క

పైపు ధర పెరిగేదీ తగ్గేదీ గోడ మందాన్ని బట్టి. మోసం జరిగేదీ అక్కడే. బయటి చుట్టుకొలత ఒకటే ఉంటుంది. ఐదు మిల్లీమీటర్ల పైపు పక్కన నాలుగు మిల్లీమీటర్ల పైపు పెడితే దూరం నుంచి తేడా తెలీదు. చివర్లలో మాత్రం మందంగా చూపించి లోపల పలచగా ఉండేవి, మీద నల్ల రంగు దట్టంగా పూసినవి కూడా వస్తుంటాయి. తూకం మాత్రం అబద్ధం చెప్పదు.

మీటరు పొడవు, మీటరు వెడల్పు, ఒక మిల్లీమీటరు మందం ఉన్న ఉక్కు రేకు 7.85 కిలోలు తూగుతుంది. పైపు అంటే చుట్టిన రేకే కదా. ఈ ఒక్క అంకె గుర్తు పెట్టుకుంటే లెక్క తేలిపోతుంది.

మొదట, పైపు చుట్టూ టేపు చుట్టి చుట్టుకొలత చూడండి. ఏడు అంగుళాల పైపుకు అది దాదాపు 559 మి.మీ. వస్తుంది. అంటే 0.559 మీటర్లు.

రెండు, దాన్ని 7.85తో గుణించండి. 4.39 వస్తుంది. అంటే ఈ పైపు ఒక్కో మిల్లీమీటరు మందానికి మీటరుకు 4.39 కిలోలు తూగాలి.

మూడు, పైపును కాటా వేయించి, బరువును పొడవుతో భాగించండి. ఆరు మీటర్ల పైపు 128 కిలోలు తూగితే మీటరుకు 21.3 కిలోలు. దాన్ని 4.39తో భాగిస్తే 4.9 దాకా వస్తుంది. ఈ లెక్క మందాన్ని ఒక వెంట్రుక వాసి తక్కువ చూపిస్తుంది గనుక ఇది ఐదు మిల్లీమీటర్ల పైపే. అదే పైపు 103 కిలోలే తూగితే నాలుగు మిల్లీమీటర్లదన్న మాట.

ఒక్కో పైపుకు 25 కిలోల తేడా. పది పైపులు కొంటే రెండున్నర క్వింటాళ్ల ఉక్కుకు మీరు ఊరికే డబ్బు కట్టినట్టు. డబ్బు పోతే పోయింది, గోడ పలచనైనంత మేర తుప్పు తినడానికి పట్టే కాలం కూడా తగ్గిపోతుంది. తూకంలో కొద్దిపాటి తేడా, ఐదు పది శాతం లోపు, తయారీలో సహజంగా వస్తుంది. అది దాటితే పైపులు దింపుకోకండి. షాపులో పెద్ద కాటా లేకపోతే బండి ధర్మకాటా మీదుగా రానివ్వండి. ఖాళీ బండి తూకం, లోడు తూకం రెండు చీటీలూ తీసుకోండి.

అడుగు లెక్కన కొంటున్నారా, కిలో లెక్కన కొంటున్నారా అన్నది కూడా ముందే తేల్చుకోండి. అడుగు లెక్కన కొనేటప్పుడే పలచటి పైపు అంటగట్టే అవకాశం ఎక్కువ.

మోటారు పైపు తెగేది మర దగ్గరే

సబ్‌మెర్సిబుల్ మోటారుకు తగిలించే జి.ఐ. పైపులు ఐ.ఎస్. 1239 ప్రమాణం కిందికి వస్తాయి. వీటిలో మూడు తరగతులు. లైట్ పైపుకు పసుపు పట్టీ, మీడియానికి నీలం పట్టీ, హెవీకి ఎరుపు పట్టీ ఉంటాయి. కొట్టువాడు ఏం చెప్పినా మీరు పట్టీ చూడండి. రంగు ఎవరైనా పూయొచ్చు గనుక పట్టీ చూసి ఊరుకోక తూకం కూడా వేయించండి.

చిన్న రైతులు ఎక్కువగా వాడే అంగుళంపావు పైపు లెక్క చూద్దాం. గోడ మందం లైట్‌లో 2.6 మి.మీ., మీడియంలో 3.2 మి.మీ., హెవీలో 4 మి.మీ. ఆరు మీటర్ల పైపు లైట్ అయితే 15 కిలోల పైచిలుకు, మీడియం పద్దెనిమిదిన్నర కిలోలు, హెవీ ఇరవై రెండున్నర కిలోలకు పైన తూగాలి. జింకు పూత వల్ల ఇంకాస్త ఎక్కువ తూగాలే తప్ప తక్కువ తూగకూడదు.

పైపు చివర మర కోస్తారు కదా. ఈ సైజు పైపు మీద ఆ మర దాదాపు 1.5 మి.మీ. లోతు గోడలోకి దిగుతుంది. అంటే లైట్ పైపుకు మర అడుగున మిగిలేది 1.1 మి.మీ. ఉక్కు మాత్రమే. మీడియంకు 1.7 మి.మీ., హెవీకి 2.5 మి.మీ. మిగులుతుంది. పైగా మర కోసిన చోట జింకు పూత కూడా పోతుంది. కాబట్టి తుప్పు మొదలయ్యేదీ అక్కడే, తెగేదీ అక్కడే.

ఆ సన్నటి మర మీద ఎంత బరువు వేలాడుతుందో చూడండి. వంద మీటర్ల లోతుకు మీడియం పైపులే 300 కిలోలు దాటతాయి. పైపులో నిలిచే నీళ్లు మరో 100 కిలోలు. మోటారు, పంపు, కేబులు వేరే. ఇదంతా పై పైపు మర మీదే ఆధారపడి ఉంటుంది. మోటారు వేసినప్పుడల్లా ఆ కుదుపు కూడా దాని మీదే పడుతుంది. అందుకే బోరులోకి లైట్ పైపు దింపవద్దు. లోతు తక్కువైతే మీడియం, లోతు పెరిగేకొద్దీ కనీసం పై సగానికి హెవీ వాడండి. మర పూర్తిగా సాకెట్టులోకి దిగేలా బిగించండి. మరకు తెల్ల రంగు, జనపనార గానీ టేపు గానీ తప్పనిసరిగా చుట్టండి. మోటారును పైకి తీసిన ప్రతిసారీ మరలు బ్రష్షుతో రుద్ది చూడండి. మర పళ్లు అరిగినట్టు కనబడితే ఆ చివర కోయించి కొత్త మర వేయించండి.

డ్రిప్పు ద్వారా ఎరువులు ఇచ్చేవారికి ఒక జాగ్రత్త. ఎరువు కలిసిన నీళ్లు జింకును, ఇనుమును తినేస్తాయి. ఎరువుల ట్యాంకు దాటిన తర్వాత ప్లాస్టిక్ పైపే వాడండి. ఎరువు పారాక కాసేపు మంచి నీళ్లు వదలండి.

పాత పైపులు కొనేముందు

పాత ఇనుప సామాను కొట్లలో ఫ్యాక్టరీలు విప్పిన పైపులు వస్తుంటాయి. కొత్తవాటి కన్నా చౌక. పందిరికి, గేటుకు, పశువుల పాక స్తంభాలకు బాగానే పనికొస్తాయి. బోరులోకి మాత్రం వద్దు. లోపల ఏ రసాయనం పారిందో మీకు తెలీదు. ఆ నీళ్లే మీరూ, మీ పశువులూ తాగాలి. స్తంభాలకు కొనేటప్పుడైనా సుత్తితో కొట్టి చూడండి. మంచి పైపు ఖంగుమంటుంది. తుప్పు తిన్నది బొద్దుగా పలుకుతుంది.

దింపేటప్పుడు ప్రాణం జాగ్రత్త

ఇరవై అడుగుల ఇనుప పైపును నిలబెడితే పైన కరెంటు తీగ ఉందో లేదో చూడాలి. మోటారు తీసేటప్పుడు, దింపేటప్పుడు పైపు తీగలకు తగిలి రైతులు, కూలీలు చనిపోయిన వార్తలు ఏటా వస్తూనే ఉన్నాయి. 11 కె.వి. లైను కింద, దాని పక్కన బోరు పాయింటు పెట్టకండి. ఇప్పటికే ఉంటే లైన్‌మన్‌కు చెప్పి, కరెంటు ఆపించాకే పైపు ఎత్తండి. గాలి వీస్తున్నప్పుడు, చినుకులు పడుతున్నప్పుడు ఈ పని పెట్టుకోకండి.

కేసింగు పైపులను అతికేటప్పుడు నాలుగు చోట్ల చుక్క వెల్డింగు పెట్టి దింపేస్తుంటారు. చుట్టూ నిండుగా వెల్డింగు చేయించండి. లేకపోతే ఆ సందుల్లోంచి మట్టి నీళ్లు బోరులోకి దిగుతాయి. జి.ఐ. పైపుకు వెల్డింగు చేస్తే తెల్లటి జింకు పొగ వస్తుంది. అది పీలిస్తే చలి జ్వరం వస్తుంది. గాలి వీచే వైపు నిలబడి పని చేయమనండి.

నీళ్లు పడకపోతే కేసింగు లాగేస్తున్నారా?

బోరు ఫెయిలైతే కనీసం పైపులైనా దక్కించుకుందామని కేసింగు లాగేస్తారు. రైతు బాధ అర్థం చేసుకోదగ్గదే. పైపు లాగాక మిగిలేది నోరు తెరుచుకున్న గుంత. దాని మీద ఒక రాయో, గోనె సంచో కప్పి వదిలేస్తారు. 2020 మే నెలలో మెదక్ జిల్లా పాపన్నపేట మండలం పోడ్చన్‌పల్లిలో నీళ్లు పడని కొత్త బోరు గుంతలో పడి మూడేళ్ల పసివాడు చనిపోయాడు. ఇలాంటివి అంతకుముందూ చాలా జరిగాయి.

సుప్రీంకోర్టు 2010లో దీని మీద మార్గదర్శకాలు ఇచ్చింది. బోరు వేసేచోట కంచె, బోర్డు పెట్టాలి. కేసింగు నోటికి ఇనుప ప్లేటు వెల్డింగు చేయాలి, లేదా బోల్టులతో బిగించే మూత పెట్టాలి. కేసింగు చుట్టూ సిమెంటు దిమ్మె కట్టాలి. అది అర మీటరు పొడవు, అర మీటరు వెడల్పు, నేల పైన 0.30 మీటర్లు, నేల లోపల 0.30 మీటర్లు ఉండాలి. వదిలేసిన బోరును మట్టి, ఇసుక, రాళ్లతో అడుగు నుంచి పైదాకా పూడ్చాలి.

పైపు లాగిన రోజే, బండి పొలం దాటకముందే గుంత పూడ్పించండి. పూడ్చిన మట్టి వానకు కుంగుతుంది, మళ్లీ ఒకసారి చూసి నింపండి. బోరు వేసే ముందు వాల్టా చట్టం కింద అనుమతి తీసుకోవడం కూడా మరవకండి.

బిల్లు లేకుండా కొనకండి

చివరగా బిల్లు సంగతి. "బిల్లు వద్దంటే ఇంకాస్త తగ్గిస్తాం" అంటారు. ఒప్పుకోకండి. బిల్లు మీద పైపు సైజు, గోడ మందం, తరగతి, ఐ.ఎస్. నంబరు, బరువు రాయించండి. పైపు మీద ఐ.ఎస్.ఐ. గుర్తు, దాని పైన ప్రమాణం నంబరు, కింద లైసెన్సు నంబరు ఉన్నాయేమో చూడండి. ఇంట్లో పిల్లల ఫోనులో బి.ఐ.ఎస్. కేర్ అనే యాప్ పెట్టి ఆ లైసెన్సు నంబరు కొడితే అది ఏ కంపెనీదో, చెల్లుతుందో లేదో తెలిసిపోతుంది. పైపు కోసినప్పుడు మిగిలిన ఒక అడుగు ముక్కను బిల్లుతో పాటు అటక మీద దాచండి. రేపు గొడవ వస్తే సాక్ష్యం అదే.

బతుకుతెరువు కోసం కొన్న రైతు కూడా వినియోగదారుడే. మోసపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. కొన్న సరుకు విలువ 5 లక్షల రూపాయల లోపు ఉంటే ఫిర్యాదుకు ఫీజు కూడా లేదు. ఫిర్యాదు రెండేళ్లలోపు చేయాలి.

బోరుకు పోయేముందు ఈ నాలుగూ జేబులో పెట్టుకోండి: టేపు, ఈ కాగితం, కాటా చీటీ, బిల్లు. పైపు బండి మీద ఉండగానే అడగాల్సింది అడగండి, చూడాల్సింది చూడండి. ఒక పూట ఆలస్యమైనా నష్టం లేదు. అది భూమిలోకి దిగాక అడిగేందుకు ఎవరూ ఉండరు.